ఉప్పు డబ్బా ఎక్కడుండాలి?

(హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు నివాసుల సంఘం ఏర్పాటు చేసిన ఆదివారం సమావేశంలో, మహిళా కళాశాలలో హోంసైన్సు పాఠాలు చెప్పి రిటైరైన ఒక అధ్యాపకురాలి ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. మగవాళ్లు కూడా కనపడుతున్నారు, సంతోషం. కుర్చీలు వేయడానికొచ్చి ఇరుక్కుపోయామంటే కుదరదు, చివరిదాకా కూచోవాలి. (నవ్వులు)

సెక్రటరీ గారు నోటీసులో ‘స్మార్ట్ కిచెన్’ అని వేశారు. నేను చెప్పబోయేది అంత స్మార్టేమీ కాదండీ. మాడ్యులర్ కిచెన్‌కి ఎంతవుతుంది, ఏ చిమ్నీ కొనాలి, గ్రానైటు మంచిదా క్వార్ట్జ్ మంచిదా, ఇవేవీ నా దగ్గర లేవు. వంటింట్లో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి, ఎందుకు అక్కడే పెట్టాలి, ఇదొక్కటే నా సబ్జెక్టు. పైసా ఖర్చు లేని సంగతి కాబట్టి దీని గురించి ఎవరూ యాడ్ ఇవ్వరు.

ఒక మామూలు రోజు తీసుకుందాం. పొద్దున్న ఏడు గంటలు. పిల్లల బస్సు ఎనిమిదింటికి. అన్నం, టమాటా పప్పు చెయ్యాలి, అంతే. బియ్యం డ్రమ్ము బాల్కనీ తలుపు పక్కనుంది. అందులో ఉండాల్సిన కొలత గ్లాసు లేదు, ఎందుకంటే రాత్రి ఎవరో దాంతో మంచినీళ్లు తాగారు, అది కడిగిన గిన్నెల్లో కలిసిపోయింది. కుక్కరు కింద అరలో ఉంది. మూత ఇంకో అరలో పళ్లేల వెనక ఉంది. రబ్బరు ఫ్రీజర్లో ఉంది. విజిల్ వెయిట్ చెంచాల డబ్బా అడుగున, పిన్నీసుల మధ్య ఉంది. లోపల పెట్టే గిన్నెలు మూడూ మూడు దిక్కుల ఉన్నాయి. ఇవన్నీ పోగయ్యేసరికి పది నిమిషాలు పోయాయి, పొయ్యి ఇంకా వెలగలేదు. ఆ పది నిమిషాల్నీ మనం వంట ఖాతాలోనే రాసుకుని ‘వంటకి గంట పడుతుందండీ’ అంటాం. అందులో వంట ఎంత, వెతుకులాట ఎంత?

తర్వాత పోపు. పప్పు పాపం రెండు నిమిషాలు ఆలస్యమైనా ఏమీ అనుకోదు. అన్నం కుక్కర్లో పడుంటుంది. తెలుగు వంట మొత్తంలో ఆగమంటే ఆగనిది పోపొక్కటే. మూకుట్లో మినప్పప్పు బంగారు రంగుకి రావడానికీ నల్లబడడానికీ మధ్య ఉండేది కొద్ది క్షణాలు. ఆ క్షణాల్లోనే ఎండుమిర్చి తుంచాలి, ఇంగువ సీసా మూత తియ్యాలి, కరివేపాకు ఫ్రిజ్‌లోంచి తీసి, కడిగి, తడి దులిపి వెయ్యాలి. ఎక్కడ ఆగినా పోపు మాడుతుంది. మాడితే ఆ అమ్మాయికి ఇంకా చెయ్యి తిరగలేదంటారు. చెయ్యి బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంగువ సీసాయే పై అరలో ఉండిపోయింది.

మనం సామాను సర్దేటప్పుడు ఒక అలవాటు ఉంది. గ్లాసులన్నీ ఒకచోట, మూతలన్నీ ఒకచోట, డబ్బాలన్నీ సైజు వారీగా ఒకచోట పెడతాం. స్టీలు సామాన్ల కొట్టువాడు అలాగే పెడతాడు. వాడు అమ్ముకోవాలి, వచ్చినవాళ్లకి వరసగా చూపించాలి, కాబట్టి వాడికి అది సరిపోతుంది. వంట చేసేవాళ్లకి మాత్రం ఒక వస్తువు దాని అన్నదమ్ముల పక్కన ఉండనక్కర్లేదు. ఏ పనిలో అది మొట్టమొదట చేతిలోకి రావాలో, ఆ పని జరిగే చోట ఉండాలి. నేను క్లాసులో సంవత్సరమంతా చెప్పింది కూడా ఇదే, పరీక్షల కోసం దానికి ఏవో పేర్లు పెట్టేవాళ్లం.

దీన్ని పప్పు అన్నానికి పెట్టి చూడండి. బియ్యం, కందిపప్పు మొదట ఎక్కడికెళ్తాయి? పొయ్యి దగ్గరికి కాదుకదా, కడగడానికి కుళాయి దగ్గరికి. కాబట్టి వాటి చోటు సింకు పక్కన. పెద్ద డ్రమ్ము ఎక్కడున్నా సరే, వారానికి సరిపడా చిన్న డబ్బా సింకు పక్కన. కొలత గ్లాసు ఆ డబ్బాలోనే, ఇంకెక్కడికీ వెళ్లకూడదు. దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి, ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగరు. కుక్కరు గిన్నెల్లో మొదట పడేది బియ్యమే, కాబట్టి అవి ఒకదాంట్లో ఒకటి పెట్టి ఆ డబ్బా పక్కన. కుక్కరు మూతకి రబ్బరు, వెయిట్ ఎప్పుడూ తగిలించే ఉంచి, మూతని తిరగేసి కుక్కరు మీదే పెట్టండి. రబ్బరు ఫ్రీజర్లో పెడితే బిగుస్తుందని కొందరంటారు. వదులైన రబ్బరుని ఫ్రీజర్లో దాచుకోవడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. ఆ కంపెనీదే కొనండి, ఫుట్‌పాత్ మీద దొరికేది సరిగ్గా కూర్చోదు.

ఇక్కడ ఒక ముక్క చరిత్ర చెప్పాలి. ఈ వంటింటి లెక్కలు మొదట అమెరికాలో మొదలయ్యాయి. అప్పుడే అక్కడ ఫ్యాక్టరీల్లో కార్మికుడు చెయ్యి ఎన్నిసార్లు కదుపుతున్నాడో లెక్కపెట్టి పని వేగం పెంచే పద్ధతులు వచ్చాయి. 1912లో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ అదే లెక్కని వంటింటికి పెడుతూ పత్రికలో వ్యాసాలు రాసింది. మనిషి సింకు నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి అల్మారాకి నడిచిన దారిని గీతలుగా బొమ్మ గీసి చూపించింది. ఒక బొమ్మలో గీతలు చిక్కుపడిన దారంలా ఉంటాయి, రెండో బొమ్మలో వరసగా ఒకవైపు నుంచి ఇంకోవైపుకి వెళ్తాయి. తర్వాత లిలియన్ గిల్‌బ్రెత్ వచ్చింది. ఈవిడ ఇంజనీరింగు, మనస్తత్వశాస్త్రం రెండూ తెలిసిన మనిషి, పన్నెండు మంది పిల్లల తల్లి. 1929 ప్రాంతంలో ఒక గ్యాసు కంపెనీ కోసం వంటిల్లు రూపొందించింది. స్ట్రాబెర్రీలతో చేసే ఒక కేకు మామూలు వంటింట్లో చేస్తే 281 సార్లు అడుగు వెయ్యాల్సి వచ్చిందట, ఆవిడ అమర్చిన పద్ధతిలో 45 సార్లు. చేసేది అదే కేకు, చేసే మనిషీ మామూలు మనిషే.

ఈ మధ్యలోనే, 1926లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షుట్టె-లిహోట్స్‌కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటిల్లు గీసింది. ఊళ్లో కొత్తగా కట్టే కార్మికుల ఇళ్లకోసం, ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు ఉండే గది. రైలు భోజనాల పెట్టెలో అంత చిన్న చోట అంతమందికి ఎలా వండుతున్నారో చూసి దాన్ని గీసింది. గోడకి అల్యూమినియం సొరుగులు, ఒక్కోదానికి ముక్కులాగా మూతి, పైన పేరు: పంచదార, బియ్యం, ఇలా. లాగి నేరుగా గిన్నెలోకి వంపుకోవడమే. అలాంటి వంటిళ్లు సుమారు పది వేలు కట్టారు. ఇవాళ మీ ఇళ్లలో ఉన్న మాడ్యులర్ కిచెన్‌కి అది ముత్తవ్వ. అప్పటికి తనకి వంట చేసిన అనుభవమే లేదని ఆవిడే తర్వాతెప్పుడో చెప్పింది, అది వేరే సంగతి. (నవ్వులు) ఇంకో సంగతి కూడా ఉంది. ఆ గదిలో ఒక్క మనిషికే చోటు. రెండో మనిషి వచ్చి సాయం చేద్దామన్నా నిలబడడానికి లేదు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఆ దేశాల పుస్తకాల్లోంచి మన ఇంటీరియర్ డిజైనర్లు ఒక సూత్రం పట్టుకొచ్చారు. ఫ్రిజ్, సింకు, పొయ్యి ఈ మూడూ త్రికోణంలో ఉండాలి, ఒక్కో భుజం నాలుగు అడుగుల నుంచి తొమ్మిది అడుగుల లోపు, మూడూ కలిపి ఇరవయ్యారు అడుగులు దాటకూడదు. మంచి సూత్రమే. కానీ మన అపార్ట్‌మెంట్ల వంటిల్లు ఎంతుంటుంది? జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, భోజనాల గది విడిగా ఉంటే వంటగదికి 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు ఉంటే చాలు. బిల్డర్లు ఆ ‘చాలు’ని గట్టిగా పట్టుకుంటారు. అందులో మీరు ఎటు తిరిగినా మూడడుగుల్లో గోడ తగులుతుంది. నడిచి అలసిపోయే ప్రశ్నే లేదు.

మరి ఎందుకు అలసిపోతున్నాం? మన వంటిళ్లలో దూరమంతా నిలువుగా ఉంది. కింద బోర్లించిన కుక్కరు కోసం వంగాలి, పైన పెట్టిన శనగపిండి కోసం మునివేళ్ల మీద లేవాలి, అటక మీద దబర కోసం స్టూలు వెయ్యాలి. గట్టు కింద అర రెండడుగుల లోతుంటుంది, వెనక ఉన్న గిన్నె తియ్యాలంటే ముందున్న నాలుగూ తీసి నేల మీద పెట్టాలి, మళ్లీ లోపల పెట్టాలి. కాబట్టి అడుగులు లెక్కపెట్టకండి. ఒకరోజు ఎవరినైనా గుమ్మంలో కూర్చోబెట్టి మీరు ఎన్నిసార్లు వంగారు, ఎన్నిసార్లు చెయ్యి తలకంటే పైకి లేచింది, ఒకటి తియ్యడానికి ఎన్నిసార్లు ఇంకోటి జరిపారు, ఈ మూడే గీతలు పెట్టమనండి. పదేళ్ల పిల్లలైతే ఈ పని మహా ఉత్సాహంగా చేస్తారు.

మన పాత వంటిల్లు ఎలా ఉండేదో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. పీట వేసుకుని కూర్చునేవాళ్లు. ఎదురుగా పొయ్యి, కుడిచేతి పక్కన కత్తిపీట, ఎడమ పక్కన నీళ్ల బిందె, పోపుల పెట్టె ఒళ్లో ఉన్నట్టే ఉండేది. లేచి తిరగడం కష్టం కాబట్టి కావలసినవన్నీ కూర్చున్న మనిషి చుట్టూ చేతికందే దూరంలో చేరేవి. ఎవరూ డిజైన్ చెయ్యలేదు. అయితే నేను ఆ రోజులే బాగున్నాయని అనడం లేదు. పొగకి కళ్లు పోయేవి, మోకాళ్లు పట్టేసేవి. 1959లో హాకిన్స్ కుక్కర్లు మొదలయ్యాయి, అరవైల్లో సుమీత్ మిక్సీ వచ్చింది, గ్యాస్ పట్నాల్లో నెమ్మదిగా పాకింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెటూళ్ల ఇల్లాళ్లకీ సిలిండరు అందింది. మనిషి నేల మీంచి లేచి గట్టు ముందు నిలబడింది. అది పెద్ద మేలు. లేచి నిలబడినప్పుడు ఆ చేతికందే దూరం మాత్రం మనతో లేవలేదు. సామానంతా గోడలెక్కింది, అరల్లో దాక్కుంది.

సరే, గట్టు సంగతి. ఎక్కువగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తులో కడతారు. అందరికీ ఒకే ఎత్తు. నిటారుగా నిలబడి మోచెయ్యి మడవండి, ఇప్పుడే చూడండి కూర్చున్న చోటే లేచి. మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి గట్టు ఉంటే కూరగాయలు తరగడానికి సుఖం. పొయ్యి ఇంకో నాలుగైదు అంగుళాలు పెంచుతుంది, దాని మీద లోతు గిన్నె పెడితే కలిపే చెయ్యి భుజం దాకా లేస్తుంది. పొట్టివాళ్లకి సాయంత్రానికి భుజాలు లాగేది ఇందుకే. గట్టు కొట్టి మళ్లీ కట్టుకోలేం. పొయ్యి ముందు కదలని వెడల్పాటి చెక్కపీట ఒకటి వేసుకోండి, లేదా తరిగే పనులన్నీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని చేసుకోండి. నిలబడే తరగాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

శాస్త్రం అన్నాను కాబట్టి వాస్తు. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, తూర్పుకి తిరిగి వండాలి. దాని జోలికి నేను వెళ్లను, నాకు బతకాలనుంది. (నవ్వులు) పొయ్యి, సింకు ఎక్కడుండాలో మేస్త్రీ, సిద్ధాంతిగారు తేల్చేశారు. వాటి మధ్యలో ఉన్న గట్టు ముక్క మాత్రం మీదే. ఆ రెండడుగులూ వంటింట్లో అన్నిటికంటే ఖరీదైన స్థలం. కడిగినవి అక్కడికి రావాలి, తరిగినవి అక్కడ ఉండాలి, దించిన గిన్నె అక్కడ పెట్టాలి. మన ఇళ్లలో అక్కడ ఏముంటాయో చెప్పనా? గిన్నెల స్టాండు, నీళ్ల ఫిల్టరు, మూడు నూనె క్యాన్లు, మందుల డబ్బా, ఫోను చార్జరు, నిన్న ఎవరో ఇచ్చిన ప్రసాదం. అవన్నీ అక్కడ పెట్టేసి, మూకుడు దించడానికి చోటు లేక చేత్తో పట్టుకుని నిలబడతాం. ఇవాళ మీరు ఇంటికెళ్లి ఇంకేమీ చెయ్యకపోయినా పర్వాలేదు, ఆ రెండడుగులూ ఖాళీ చెయ్యండి. ఖాళీగా ఉండడమే దాని ఉద్యోగం. చూసినవాళ్లు ‘ఇక్కడేమైనా పెట్టచ్చు కదా’ అంటారు. పెట్టకండి.

ఆ దేశాల త్రికోణంలో మిక్సీకి చోటు లేదు, మనకి అది లేకపోతే పూట గడవదు. పొద్దున్న ఇడ్లీలోకి చట్నీ, మధ్యాహ్నం పచ్చడి, అల్లం వెల్లుల్లి. చాలా ఇళ్లలో మిక్సీకి ఒక గుడ్డ తొడుగు, జార్లు పై అరలో, మూతలు ఇంకెక్కడో, ప్లగ్గు ఫ్రిజ్‌తో పంచుకుంటుంది. తియ్యడం, తుడవడం, మళ్లీ పెట్టడం బెడద కాబట్టి ‘ఇవాళ్టికి చట్నీ వద్దులే, పొడి వేసుకోండి’ అనిపిస్తుంది. మిక్సీ ప్లగ్గుకి తగిలించే ఉండాలి, చట్నీ జారు దాని మీదే ఉండాలి. పక్కనే వేయించిన శనగపప్పు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు.

ఉప్పు అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. ఉప్పు డబ్బా ఎక్కడుండాలి? పొయ్యి దగ్గర కావాలి, మిక్సీ దగ్గర కావాలి, భోజనాల బల్ల మీద పెరుగన్నానికి కావాలి. మూడు చోట్లా ఉండాలి. ఇంట్లో ఒకటే ఉప్పు డబ్బా ఉండాలని ఎవరు పెట్టారో ఆ నియమం! అటక మీద పెళ్లిలో వచ్చిన స్టీలు గిన్నెలు డజన్ల కొద్దీ అట్టపెట్టెల్లో ఉంటాయి, వాటి మీద పేర్లు కూడా చెక్కి ఉంటాయి, రెండో కత్తి కొనడానికి మాత్రం దుబారా అనిపిస్తుంది. రెండు కత్తులు, రెండు పట్టకార్లు, రెండు టీ వడకట్టే జాలీలు, మూడు ఉప్పు డబ్బాలు. ఇంతకుమించి నేను మీ చేత ఖర్చు పెట్టించను.

టీ విషయం కూడా ఇలాగే. రోజుకి మూడు నాలుగుసార్లు చేసే పని, దానికంటూ ఒక మూల ఉండదు. టీపొడి, పంచదార, యాలకులు, అల్లం దంచే చిన్న రోలు, జాలి, కప్పులు అన్నీ ఒక ట్రేలో పెట్టి ఫ్రిజ్‌కి దగ్గర్లో పెట్టండి, పాలు అందులోనే ఉంటాయి కాబట్టి.

పోపుల డబ్బా పొయ్యికి కుడి పక్కన, ఎడమచేతి వాటం వాళ్లకి ఎడమ పక్కన, కాలు కదపకుండా అందాలి. పొయ్యికి సరిగ్గా పైన గోడకి మాత్రం వద్దు. అందంగా ఉంటుందని అక్కడ చెక్క అర కొట్టించి గాజు సీసాలు వరసగా పేరుస్తారు. కింద నుంచి ఆవిరి, వేడి, నూనె పొగ. కారం రంగు పోతుంది, ధనియాల పొడి వాసన పోతుంది, పసుపు గడ్డకడుతుంది, సీసా ముట్టుకుంటే జిడ్డు. మసాలాలకి వేడి, వెలుతురు, తడి మూడూ పడవు. అందుకని పోపుల డబ్బాలో కొద్దిగానే పోసుకుని, అసలు సరుకు చీకటిగా, చల్లగా ఉండే అరలో పెట్టుకోవాలి. ఏడాదికి సరిపడా గుంటూరు కారం పట్టించి తెచ్చుకునేవాళ్లైతే నెలకి కావలసింది బయటుంచి మిగతాది ఫ్రిజ్‌లో పెట్టండి. ఆవకాయ కూడా అంతే. జాడీ గదిలో ఉంటుంది, వారానికి సరిపడా సీసాలోకి తీసుకుంటాం, పొడి గరిటెతో. జాడీని రోజూ తెరిస్తే బూజు పట్టేది జాడీకే.

నెల సరుకులు వచ్చినప్పుడు అందరం చేసే పని ఒకటుంది. పాత కందిపప్పు డబ్బాలో కొంచెం మిగిలుంటుంది, దాని మీద కొత్తది పోసేస్తాం. అడుగున ఉన్నది నెలల తరబడి అడుగునే ఉంటుంది, పురుగు పట్టేది అక్కడ. కొత్తది వచ్చినప్పుడు పాతది ఒక పళ్లెంలోకి తిరగేసి, డబ్బా తుడిచి, కొత్తది కింద పోసి పాతది పైన పొయ్యండి. బియ్యంలో ఎండు వేపాకు వెయ్యడం, కందిపప్పుకి కొంచెం ఆముదం పట్టించడం మన పెద్దవాళ్లు చేసేవాళ్లు, ఎక్కువ నిల్వ పెట్టేవాళ్లు ఇప్పటికీ చేయచ్చు. ఇద్దరు మనుషులున్న ఇంటికి పాతిక కిలోల బస్తా ఎందుకో నాకు అర్థం కాదు. కింద సూపర్‌మార్కెట్ రాత్రి పదింటిదాకా తెరిచే ఉంటుంది.

వంట వరస గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. ముందు పప్పు కడిగి నానబెట్టండి, అరగంట నానితే త్వరగా ఉడుకుతుంది, గ్యాసూ తగ్గుతుంది. కుక్కరు ఎక్కించాకే తరగడం మొదలుపెట్టండి, అన్నీ తరిగి అప్పుడు ఎక్కించడం కాదు. లోపల ఆవిరి పూర్తిగా పట్టాక నీళ్ల వేడి 120 డిగ్రీల దగ్గరుంటుంది. ఆ తర్వాత మంట పెద్దగా ఉంచితే వేడి పెరగదు, విజిల్సే పెరుగుతాయి, ఆవిరితో పాటు మీ డబ్బు బయటికి పోతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించెయ్యాలి.

సిలిండరు సంగతి చెప్పకుండా వంటింట్లోంచి బయటికి రాకూడదు. నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ఈ గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. అందంగా ఉంటుందని సిలిండరుని అరలో పెట్టి తలుపు వేసేవాళ్లు ఆ తలుపుకి అడుగున గాలి పోయే రంధ్రాలు పెట్టించాలి, పైన మాత్రమే పెడితే లాభం లేదు. రబ్బరు పైపు ఐదేళ్లకోసారి మార్చాలి, దాని మీద తేదీ ఉంటుంది, ఇంటికెళ్లి టార్చి వేసి చూడండి. ఆ అరలోనే పాత పేపర్లు, నూనె క్యాన్లు, ఉల్లిపాయల బుట్ట కుక్కేవాళ్లున్నారు. వద్దు.

ఇందాక ఫ్రాంక్‌ఫర్ట్ వంటింట్లో ఒక్క మనిషికే చోటుందన్నాను. 2019లో కేంద్ర ప్రభుత్వం మన దేశంలో ఎవరి సమయం ఎలా గడుస్తుందో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి పెట్టేవాళ్లు. అవే పనులు చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్లు ఈ లెక్కలోకే రారు. ఈ తేడాకి కారణాలు చాలా పెద్దవి, నేను డబ్బాలు సర్ది తీర్చేవి కావు. ఒక చిన్న కారణం మాత్రం డబ్బాల్లోనే ఉంది. మనింట్లో శనగపిండి ఏ డబ్బాలో ఉందో అమ్మకే తెలుసు. పాత హార్లిక్స్ సీసాలో మెంతులు, బోర్నవిటా డబ్బాలో బెల్లం, బిస్కెట్ల డబ్బాలో దారాలు. ఎవరైనా సాయం చేద్దామని లోపలికొస్తే ‘జీలకర్ర ఎక్కడుంది, పసుపు ఎక్కడుంది’ అని ప్రతిదీ అడగాలి. అడిగించుకునే ఓపిక లేక మనమే ‘నువ్వు లేలే, నేను చేసుకుంటాను’ అంటాం. వాళ్లకి కావలసింది కూడా అదే. (నవ్వులు) ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెత నాకు నచ్చదు. ఇంట్లో నలుగురుంటే వంటింటి పరువు ఒక్కరి మీదే ఎందుకు పడాలి?

కాబట్టి లోపల ఏముందో కనపడే సీసాలు, డబ్బాలైతే తెలుగులో పేరు రాసిన కాగితం. మూత మీద కాదు, డబ్బా ఒంటికి. మూతలు మారిపోతాయి. ఇంట్లో వంట రాని మనిషి ఎవరో చూసి, వాళ్లని ఒకసారి టీ పెట్టమనండి. మీరు హాల్లో కూర్చోండి. వాళ్లు ఎన్నిసార్లు మిమ్మల్ని పిలిచారో అన్ని వస్తువులకి చోటు మార్చాలి.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: మేడం, మాది కిరాయి ఇల్లు. ఓనరు గోడకు మొల కూడా కొట్టనియ్యడు. ఏం జేయాలె?

మొలలు అక్కర్లేదమ్మా. నిలబెట్టుకునే ఇనుప స్టాండు ఒకటి, కింద అరల్లోకి రెండు మూడు ప్లాస్టిక్ బుట్టలు కొనుక్కో. లోతైన అరలో గిన్నెలు విడిగా పెట్టకుండా బుట్టలో పెడితే బుట్ట మొత్తం బయటికి లాగచ్చు, సొరుగులా పనిచేస్తుంది. ఇల్లు మారినా బుట్టతో సహా ఎత్తుకుపోవచ్చు. కొత్తింట్లో మొదటి రోజే పప్పు వండుకుంటావు.

ప్రశ్న: మా అత్తయ్యగారు ఏదీ కదపనివ్వరండీ. ఆవిడ పెట్టిందే పెట్టడం.

(నవ్వులు) ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆ వంటింట్లో కళ్లు మూసుకుని వండారు. నువ్వు ఒక డబ్బా జరిపావంటే ఆవిడ చెయ్యి గాల్లోకి వెళ్తుంది. ఆవిడ కోపం డబ్బా మీద కాదమ్మా, ఆ తడుముకోవడం మీద. అంతా ఒకేసారి మార్చకు. ఇప్పుడు ఆవిడకి వంగడం, పైకి అందుకోవడం కష్టమై ఉంటుంది. అక్కడ మొదలుపెట్టు. ‘అత్తయ్యా, ఇది మీకు అందేలా కింద పెట్టనా’ అని అడిగి, ఆవిడ రోజూ వాడేవి మోకాలికీ భుజానికీ మధ్య ఉన్న అరలోకి తీసుకురా. పై అరలూ కింద అరలూ నువ్వు తీసుకో, నీకు వంగే వయసుంది. నెల్లాళ్ల తర్వాత మిక్సీ గురించి మాట్లాడచ్చు.

ప్రశ్న: నమస్కారం అమ్మా. మా ఇంట్లో గిన్నెలు కడిగేది నేను. కడిగినవి ఎక్కడ సర్దాలో తెలీక గట్టు మీద వదిలేస్తాను. అక్కడ గొడవ.

అబ్బ, చప్పట్లు కొట్టండి ఆయనకి. (చప్పట్లు) బాబూ, రోజూ వాడే గిన్నెల్ని సర్దకండి అసలు. నలుగురికి నాలుగు కంచాలు, గ్లాసులు, రెండు మూకుళ్లు, కుక్కరు, నాలుగు గిన్నెలు, ఇంతే కదా రోజువారీ. సింకు పైన గోడకి స్టాండు ఉంటే అవి ఆరేదీ అక్కడే, ఉండేదీ అక్కడే. నీళ్లు సింకులోకే కారతాయి. మర్నాడు పొద్దున్న అక్కణ్నుంచే తీసుకుంటారు. మిగతావాటికి అర తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి, ఈ అరలో ఏమేముంటాయో. రాసేది మీ ఆవిడ, అతికించేది మీరు. రాసేముందు ఇద్దరూ కూర్చుని మూతల సంగతి తేల్చుకోండి. నేను చూసినంతలో గొడవలు గిన్నెల దగ్గర రావు, ఏ మూత ఏ గిన్నెదన్న దగ్గర వస్తాయి. మూతల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, తీగ స్టాండులో పుస్తకాల్లా నిలబెట్టండి, పెద్దవి వెనక, చిన్నవి ముందు. గిన్నె లేని మూతలు మూడో నాలుగో తేలతాయి. అవి పాత సామాన్లవాడికి వేసెయ్యండి, ఆవిణ్ని అడిగి.